సబ్‌సెంటీమీటర్ అంటే ఎంత సార్? ఛాతీ స్కాన్ రిపోర్టులు రాసే డాక్టర్లకి ఒక టెక్నీషియన్ ఉత్తరం

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఛాతీ సీటీ రిపోర్టులు రాసే రేడియాలజిస్టులకి, ఆ రిపోర్టు చూసి మందు రాసే ఛాతీ డాక్టర్లకి, స్కానింగ్ సెంటర్లు నడిపే ఓనర్లకి నమస్కారం.

నేను డాక్టర్ని కాదండీ. ప్రకాశం జిల్లాలో ఒక టౌన్‌లో సీటీ టెక్నీషియన్ని, పదమూడేళ్ళుగా ఇదే పని. పేషెంటుని టేబుల్ మీద పడుకోబెట్టి, చేతులు పైకి పెట్టించి, "గాలి బాగా పీల్చండి, బిగబట్టండి, ఇక వదిలేయండి" అని మైకులో చెప్పేది నేనే. బొమ్మ తీసేది మేము, చదివేది మీరు. మీకు పాఠం చెప్పేంత చదువు నాకు లేదు, అందుకోసం రాయట్లేదు కూడా. కాకపోతే రిపోర్టు చేతికొచ్చాక పేషెంటు దాన్ని ఏం చేస్తాడో, రెండేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు అతని చేతిలో ఏం ఉంటుందో ఏం ఉండదో కౌంటర్ దగ్గర నిలబడి చూసేది మేమే, ఆ సంగతి మీ దాకా రాదు. పైగా ఇది మా ఇంట్లోనే జరిగింది.

మా మేనమామ గురించి చెప్తా. 2021 మే నెల అందరికీ గుర్తుంటుంది, ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగే మాట "స్కోరు ఎంతొచ్చింది" అనే, కోవిడ్ ఊపిరితిత్తుల్ని ఎంత పట్టిందో సీటీ చూసి 25కి ఎంత అని వేసే స్కోరు. మావయ్యకి జ్వరం వచ్చిన రోజు మా మిషన్ ఖాళీ లేదు, వేరే చోట తీయించారు. స్కోరు 9 వచ్చింది. తొమ్మిదే కదా, ఏం పర్లేదు అనుకున్నాం అందరం. నేను కూడా ఆ రిపోర్టు వాట్సాప్‌లో చూశా, స్కోరు దాకా చదివి ఫోన్ పక్కన పెట్టేశా. కింద చివర్లో ఇంకో ముక్క ఉంది, కుడి పై లోబులో ఒక సబ్‌సెంటీమీటర్ నాడ్యూల్, క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్ అని, అంటే కుడి ఊపిరితిత్తి పై భాగంలో సెంటీమీటర్ కన్నా చిన్న గడ్డ ఉంది, పేషెంటు లక్షణాలతో కలిపి చూసుకోండి అని. అంతే ఉంది. ఎన్ని మిల్లీమీటర్లో లేదు, అంచు ఎలా ఉందో లేదు, గట్టిగా ఉందో మసగ్గా ఉందో లేదు, మళ్ళీ ఎప్పుడు తీయించుకోవాలో లేదు. ఆ నెలలో మీరు ఎంత ఒత్తిడిలో రాశారో పక్కనే ఉండి చూసినవాణ్ణి, ఒక్కో డాక్టరు గారు రాత్రి రెండింటి దాకా కూర్చునేవారు, ఆ ఒక్క రిపోర్టు రాసిన వాళ్ళ మీద నాకు కోపం లేదు. కానీ ఇప్పుడు ఆ ఒత్తిడి లేదు, రిపోర్టులు మాత్రం ఇంకా అలాగే వస్తున్నాయి, నా బాధ అది.

మావయ్య కోవిడ్ నుంచి బానే కోలుకున్నాడు. పొగాకు బ్యారన్ దగ్గర పని, ముప్పై ఏళ్ళు చుట్ట తాగిన మనిషి. 2023 చలికాలంలో దగ్గు పట్టుకుంది, మనిషి సన్నబడ్డాడు. ఎక్స్‌రే తీస్తే పైన మచ్చ కనపడింది. పైన మచ్చ, దగ్గు, బరువు తగ్గడం, ఇంకేముంది టీబీయే అన్నారు ఒక చోట. కళ్ళె పరీక్షలో ఏమీ రాలేదు, అయినా మందులు మొదలుపెట్టేశారు. రోజూ పరగడుపునే ఆ మాత్రలు, మూత్రం నారింజ రంగులో పోయేది, అన్నం వాసనకే కడుపులో తిప్పేదట, అయినా ఒక్క రోజు మానకుండా ఆరు నెలలు మింగాడు. మచ్చ తగ్గలేదు. 2024 జూన్‌లో నా దగ్గరికి తీసుకొచ్చారు, సీటీ నా చేత్తోనే తీశా. బొమ్మలు ఒక్కొక్కటే జరుపుతూ కుడి పైభాగానికి వచ్చేసరికి నాకు ఒళ్ళు చల్లబడిపోయింది. 22 మిల్లీమీటర్లు, కుంకుడుకాయంత, చుట్టూ అంచు నుంచి సన్నటి పోగులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. అద్దం అవతల మావయ్య చేతులు అలాగే పైకి పెట్టుకుని పడుకునే ఉన్నాడు, దించమని చెప్పాలన్న ధ్యాస కూడా నాకు లేదు, చివరికి ఆయనే "ఒరే, దించొచ్చా" అని అడిగాడు.

గుంటూరులో పెద్ద డాక్టరు గారికి చూపిస్తే ఆయన మొదట అడిగిన మాట, "పాత స్కాన్ ఏదీ?"

అత్తయ్య బీరువా మీద నుంచి దింపి తెచ్చింది ఆ కవరు. రెండు ఫిల్ములూ చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయినయ్, విడదీస్తుంటే ఒక మూల పెచ్చు లేచింది. సీడీ ఇవ్వలేదు. తీసిన సెంటర్‌కి నేనే ఫోన్ చేశా, "ఆరు నెలలు దాటితే ఉంచం అన్నా, సర్వర్ నిండిపోద్ది" అన్నారు, మా సెంటర్‌లో కూడా అప్పుడు అదే పద్ధతి కాబట్టి నేను ఏమీ అనలేకపోయా. ఫిల్ము మీద ఒక్కో బొమ్మ పోస్టల్ స్టాంపుకి కాస్త పెద్దది, పక్కన సెంటీమీటర్ గీతలు ఉంటాయి కదా, వాటితో పోల్చి స్కేలు పెట్టి కొలిస్తే 8 మిల్లీమీటర్ల దగ్గర తేలింది. 8 నుంచి 22 అంటే చూడ్డానికి మూడు రెట్లు కూడా కాదు, కానీ గడ్డ గుండ్రం కాబట్టి సైజు అంటే అన్ని వైపులా లెక్క, వాల్యూమ్ ఇరవై రెట్లు పెరిగినట్టు. 37 నెలల్లో అంత అంటే సుమారు 260 రోజులకోసారి రెట్టింపు అయింది. గట్టి గడ్డల్లో క్యాన్సర్ అయితే మామూలుగా నెల నుంచి 400 రోజుల లోపు రెట్టింపవుద్దని మీరే చెప్తారు. అంటే 2022 మే నెలలో ఎవరన్నా ఇంకొక్క స్కాన్ తీయించి ఉంటే అది 11 మిల్లీమీటర్ల దగ్గర ఉండేది, 8 నుంచి 11కి వచ్చింది అని ఆ రోజే తెలిసిపోయేది. ఆ లెక్క నేను ఒక రాత్రి డ్యూటీలో కాగితం మీద వేశా, మూడుసార్లు వేశా.

బయాప్సీలో, అంటే గడ్డ ముక్క తీసి చేసే పరీక్షలో, అడినోకార్సినోమా అని వచ్చింది, ఊపిరితిత్తి క్యాన్సర్లో ఒక రకం. అప్పటికే వెన్నెముకకి పాకింది. 2025 ఫిబ్రవరిలో పోయాడు మావయ్య.

ఇప్పుడు రెండో సంగతి, ఇది చెప్పకపోతే నా మాట సగమే అవుద్ది. పోయిన ఎండాకాలం ఒక రిటైర్డ్ టీచరమ్మ గారు వచ్చారు, పిత్తాశయం ఆపరేషన్‌కి ముందు ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తిలో ఏదో ఉందన్నారట. సీటీలో 14 మిల్లీమీటర్లు తేలింది. ఎవరో ఆమెతో అప్పటికే క్యాన్సర్ కావచ్చు, సూది పెట్టి ముక్క తీయాలి, ఒక్కోసారి ఊపిరితిత్తిలోంచి గాలి లీకవుద్ది, దానికి సంతకం పెట్టాలి అని చెప్పేశారు. మా వెయిటింగ్ హాల్లో కుర్చీలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. "అమ్మా, ఇంతకు ముందు ఎప్పుడన్నా స్కాన్ తీయించారా" అంటే, 2017లో కారు యాక్సిడెంట్ అయితే హైదరాబాద్‌లో తీశారు బాబూ అన్నారు. మర్నాడు గుడ్డసంచిలో తెచ్చారు, పట్టుచీర మడతల్లో పెట్టి దాచుకున్న సీడీ, చీర మడతతో సహా తెచ్చారు గీతలు పడతాయేమోనని. మా రేడియాలజిస్టు గారు రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి చూశారు. 2017లో 14, ఇప్పుడూ 14. అంచు నున్నగా, సరిగ్గా మధ్యలో తెల్లగా సున్నం పట్టి ఉంది. ఎప్పుడో వచ్చి మానిపోయిన పాత టీబీ గుర్తు అది, సూదీ వద్దు ఏమీ వద్దు, ముందు ఆ పిత్తాశయం సంగతి చూసుకోండమ్మా అన్నారు. పావుగంట పని. ఆ సీడీ ఖరీదు ఇరవై రూపాయలు ఉంటుందేమో.

ఆమె దగ్గర పాత స్కాన్ ఉంది, మా మావయ్యకి ఉండీ లేనట్టే. నాకు తెలిసినంతలో సీటీ అనేది ఒక్క స్కాన్‌తో క్యాన్సరా కాదా అని తేల్చేసే మిషన్ కాదు. చాలా వరకు చెప్పగలదు, ఆ చాలా వరకు ఏంటో కూడా మీ పక్కన కూర్చుని నేర్చుకున్నదే. బొమ్మలో ఏది ఎంత చిక్కగా ఉందో చెప్పడానికి నీళ్ళకి 0, గాలికి మైనస్ 1000 అని హౌన్స్‌ఫీల్డ్ పేరు మీద కొలత ఉంది కదా, ఆ లెక్కన గడ్డ లోపల మైనస్ 40 నుంచి మైనస్ 120 మధ్య వస్తే అది కొవ్వు, కొవ్వు ఉంటే హమార్టోమా, ఊరికే ఉండే గడ్డ. సున్నం నడిమధ్యలో ఉన్నా, మొత్తం నిండిపోయినా, ఉల్లిపాయ పొరల్లా ఉన్నా, పాప్‌కార్న్‌లా ఉన్నా మంచిదే, అదే ఒక పక్కకి ఒరిగి ఉన్నా చుక్కలు చుక్కలుగా ఉన్నా దాన్ని నమ్మకూడదు. లోబుల మధ్య పొరని ఆనుకుని త్రికోణంలా నున్నగా ఉంటే అది లింఫ్ గ్రంథే. పోగులు పొడుచుకొస్తే అనుమానం. సగం గట్టిగా సగం మంచు కమ్మినట్టు మసగ్గా ఉంటే ఇంకా ఎక్కువ అనుమానం, అది కూడా వెంటనే కాదు, మూడు నెలల తర్వాత మళ్ళీ తీసినా పోకుండా అక్కడే ఉంటే. కోవిడ్ మసక వారాల్లోనో నెలల్లోనో కరిగిపోవాలి, కరగకుండా ఉండిపోయినదానికే భయపడాల్సింది.

ఇదంతా పుస్తకాల్లో ఉన్నంత శుభ్రంగా మన దగ్గర కుదరదని మీకు నాకంటే బాగా తెలుసు. ప్రపంచంలో టీబీ కేసుల్లో నాలుగోవంతు మన దేశంలోనే. పైలోబులో ఉంటే క్యాన్సర్ రిస్కు ఎక్కువ అని కెనడా లెక్కల్లో ఉంది, మన టీబీ కూర్చునేది కూడా పైలోబులోనే. పోగులు టీబీ మచ్చకి కూడా వస్తాయి. పెట్ స్కాన్ అని ఉంది, చక్కెర లాంటి మందు ఎక్కించి ఒంట్లో ఎక్కడ ఎక్కువ వాడుకుంటుందో చూసే స్కాన్, అది తీస్తే క్యాన్సర్ ఎంత వెలుగుతుందో రగులుతున్న టీబీ గడ్డ కూడా అంతే వెలుగుద్ది, పోనీ వెలగలేదు కదా అని నిమ్మళంగా ఉందామంటే ఆ మసక రకం క్యాన్సర్లు సరిగ్గా వెలగవు. వేలకి వేలు పోసి పెట్ తీయించుకుని వచ్చి మళ్ళీ మొదటికే వచ్చిన వాళ్ళని నేను చూశా. అలాంటి చోట మనకి మిగిలే గట్టి సాక్ష్యం పెరిగిందా లేదా అన్నదే. గట్టిగా ఉన్న గడ్డ రెండేళ్ళు కదలకుండా ఉంటే దాదాపు దాని జోలికి పోనక్కర్లేదు. ఆ పోలిక కుదరాలంటే మొదటిసారి కొలత రాసి ఉండాలి, బొమ్మ దాచి ఉండాలి, నేను అడిగేది ఇంతే.

కాబట్టి రేడియాలజిస్టు గార్లకి. సబ్‌సెంటీమీటర్ అని రాయడం మానేయండి సార్, మేడమ్. 3 మిల్లీమీటర్లు కూడా సబ్‌సెంటీమీటరే, 9 మిల్లీమీటర్లు కూడా సబ్‌సెంటీమీటరే. ఛాతీ స్కాన్లు చదివే డాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఫ్లైష్నర్ సొసైటీ 2017లో ఇచ్చిన పద్ధతి ప్రకారం గట్టి గడ్డ 6 లోపు ఉండి మనిషికి పొగ అలవాటు లాంటి రిస్కులు లేకపోతే మళ్ళీ స్కానే అక్కర్లేదు, 6 నుంచి 8 అయితే ఆరు నెలల నుంచి ఏడాది లోపు మళ్ళీ తీయాలి, 8 దాటితే మూడు నెలల్లో సీటీ అయినా, పెట్ అయినా, బయాప్సీ అయినా ఆలోచించాలి. అంటే మీరు వాడే ఆ ఒక్క మాటలో ఏమీ అక్కర్లేని మనిషీ ఉన్నాడు, మూడు నెలల్లో పరిగెత్తాల్సిన మనిషీ ఉన్నాడు. కందిగింజంత ఉందా కుంకుడు గింజంత ఉందా అన్నది మీకు మౌస్‌తో రెండు గీతలు గీస్తే తెలుస్తుంది, పొడవు వెడల్పు కలిపి సగం చేసి ఒక నంబరు రాయండి. ఏ లోబు, ఎన్నో బొమ్మలో ఉంది, గట్టిదా మసకదా, అంచు ఎలా ఉంది, సున్నం ఉందా కొవ్వు ఉందా, ఎన్ని మిల్లీమీటర్ల స్లైస్ మీద, అంటే ఎంత మందం ముక్కగా కోసిన బొమ్మ మీద కొలిచారు, ఇవన్నీ రాయండి. చివర్లో క్లినికల్ కోరిలేషన్ అనే బదులు ఫలానా నెలలో మళ్ళీ తీయించాలి అని నెల పేరు రాయండి. మీరు రాసే మిగతా ఇంగ్లీషు మా వాళ్ళకి అర్థం కాదు, నెల పేరు అర్థమవుద్ది, అత్తయ్య లాంటి మనిషి దాన్ని క్యాలెండర్ మీద గీసుకుంటుంది.

స్లైస్ మందం గురించి మా టెక్నీషియన్లకి కూడా చెప్తున్నా, ఇందులో మన తప్పే ఎక్కువ. 5 మిల్లీమీటర్ల మందంతో బొమ్మలు చేస్తే 6 మిల్లీమీటర్ల గడ్డ చుట్టూ ఉన్న గాలితో కలిసిపోయి పలచబడి కనపడుద్ది, గట్టిది మసకలా కనపడుద్ది, లోపల సున్నం ఉన్నా తెలియదు, రెండుసార్లు కొలిస్తే రెండు నంబర్లు వస్తాయి. అసలే ఇద్దరు డాక్టర్లు కొలిస్తే మిల్లీమీటరు అటూ ఇటూ తేడా వస్తుందనే కదా 2 మిల్లీమీటర్లన్నా పెరిగితే గానీ పెరిగినట్టు లెక్కెయ్యరు. 1 మిల్లీమీటర్ బొమ్మలు మిషన్ ఎలాగూ తీస్తుంది, మనమే చోటు లేదని పంపకుండా చెరిపేస్తున్నాం. సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, గడ్డని అవే పట్టుకుని వాల్యూమ్ లెక్కేస్తాయి అంటున్నారు, మంచిదే, వాటికి కూడా సన్న బొమ్మలే కావాలి.

సెంటర్ ఓనర్లకి. ఒక్క బొమ్మ అర మెగాబైట్. ఛాతీ మొత్తం 1 మిల్లీమీటర్ చొప్పున 300 బొమ్మలు అనుకున్నా 150 మెగాబైట్లు. ఇప్పుడు ఊళ్ళో పెళ్ళి వీడియోకి పెట్టే చోటులో వందల మంది ఛాతీ స్కాన్లు పడతాయి. ఆసుపత్రిలో చేరిన పేషెంట్ల రికార్డులు మూడేళ్ళు ఉంచాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో ఉంది, మన దగ్గరికి వచ్చేవాళ్ళు చేరినవాళ్ళు కాదు కదా అని వదిలేస్తున్నాం. మసక గడ్డనైతే అయిదేళ్ళు గమనించాలి, మన సర్వర్లో ఆరు నెలలు. మీరు దాచలేకపోతే కనీసం పేషెంటు చేతికి ఇచ్చేయండి, సీడీయో పెన్ డ్రైవో, అడిగితేనే ఇస్తాం అనకుండా, దానికి వేరే బిల్లు వేయకుండా. ఛాతీ సీటీకి మా దగ్గర మూడు వేల పైన తీసుకుంటున్నాం, అందులో సీడీ ఎంత.

ఛాతీ డాక్టర్లకి ఒక్కటే మనవి. పైన మచ్చ ఉంది, కళ్ళెలో ఏమీ రాలేదు, అయినా టీబీ మందులు వేసి చూద్దాం అనిపించినప్పుడు ఒక్క నిమిషం ఆగండి. కళ్ళెలో టీబీ క్రిమి జన్యువుని పట్టే సీబీనాట్ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తున్నారు, దానికి పంపండి. వేసి చూడక తప్పదు అనుకుంటే రెండు నెలలకి మళ్ళీ బొమ్మ తీసి చూడండి, తగ్గకపోతే ఆరు నెలల దాకా లాగకండి. యాభై దాటి, చుట్టో బీడీయో తాగిన మనిషి అయితే ఇంకా తొందరపడండి. కట్టెల పొయ్యి దగ్గర జీవితమంతా గడిపిన ఆడవాళ్ళని కూడా మర్చిపోకండి, పొగ తాగని ఆడమనిషికి లంగ్ క్యాన్సర్ ఏంటి అని వాళ్ళ విషయంలో ఇంకా ఆలస్యం అవుతోంది.

ఇదంతా రాస్తే జనం భయపడిపోయి అందరూ స్కాన్లకి పరిగెడతారేమో అని మా రేడియాలజిస్టు గారే అన్నారు, నిజమే. అమెరికాలో బాగా పొగ తాగిన 53 వేల మందికి పైగా తీసుకుని చేసిన పెద్ద స్టడీ 2011లో బయటికొచ్చింది, తక్కువ రేడియేషన్ డోసుతో తీసే సీటీ వల్ల లంగ్ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గాయి, అదే స్టడీలో సీటీలో అనుమానం అని తేలినవాటిలో 96 శాతం చివరికి క్యాన్సర్ కాదు. అంత పొగ తాగినవాళ్ళలోనే అలా ఉంటే ఇంక మామూలు వాళ్ళ సంగతి చెప్పేదేముంది, చిన్న గడ్డల్లో నూటికి తొంభై పైన ఏమీ చేయనివే. అందుకే నంబరు కావాలి అంటున్నా. నంబరు రాస్తే 4 మిల్లీమీటర్లున్న మనిషి హాయిగా ఇంటికి పోతాడు, మూడు వేలు మిగుల్తాయి, అనవసరంగా రేడియేషన్ పడదు. ఏమీ రాయకుండా గడ్డ ఉంది అని మాత్రం చెప్తే అందరూ ఒకేలా భయపడతారు, లేకపోతే మా ఇంట్లోలాగా ఎవరూ పట్టించుకోరు.

చదివే పేషెంట్లు ఎవరన్నా ఉంటే, 2020లోనో 2021లోనో తీయించుకున్న స్కాన్ కవరు ఇంట్లో ఎక్కడుందో ఇవాళ వెతకండి. స్కోరు కింద ఏం రాసి ఉందో చూడండి. ఫిల్ములు ఎండలో పెట్టకండి, ఒకదాని మీద ఒకటి వేసేటప్పుడు మధ్యలో తెల్ల కాగితం పెట్టండి.

మా సెంటర్ ఓనరు గారితో నెల రోజులు మాట్లాడితే ఒప్పుకున్నారు, ఈ నెల మొదటి తారీకు నుంచి ఛాతీ సీటీ తీసిన ప్రతి ఒక్కరికీ సన్న బొమ్మలతో సీడీ ఇస్తున్నాం. దాని మీద పేరు, తేదీ స్కెచ్ పెన్నుతో నేనే రాస్తున్నా, గడ్డ ఉంటే ఎన్ని మిల్లీమీటర్లో కూడా డాక్టరు గారిని అడిగి కిందే రాస్తున్నా. మావయ్య ఫిల్ములు నా దగ్గరే ఉన్నాయి, అత్తయ్య పారేయమంది, ఇంకా పారేయలేదు.

ఇట్లు,
ఒక సీటీ టెక్నీషియన్,
ప్రకాశం జిల్లా